రాతిగదిలో ఊపిరి

ఆ ఆసుపత్రిలో పాత వార్డు నుంచి కొత్త వార్డుకి వెనకదారిన పోతే గట్టిగా రెండు వందల అడుగులు. అయినా చీకటి పడ్డాక ఎవరూ ఆ దారి తొక్కరు. చేతిలో రక్తం సీసా ఉన్నా సరే, నెత్తిన వాన కురుస్తున్నా సరే, ముందువైపు గేటు దాకా వెళ్లి చుట్టూ తిరిగే వస్తారు.

వెనకదారిలో రాతిగది ఉంది మరి.

సగం భూమిలోకి దిగి ఉంటుంది. నాలుగు మెట్లు కిందికి దిగితే తలుపు. గోడలు రెండు మూరల మందం. కిటికీ లేదు. పైకప్పు కూడా రాయే. మిట్టమధ్యాహ్నం వెళ్లి గోడకి చెయ్యి ఆనించినా చల్లగా, తడితడిగా... ఏదో బతికున్నదాన్ని ముట్టుకున్నట్టు ఉంటుంది.

దాని కథ చాలా పాతది. ఆసుపత్రి ఆసుపత్రి కాకముందు అదొక గొప్పవాళ్ల బంగళా. బంగళా ఆయనకి ఎండాకాలంలో చల్లటి నీళ్లు తప్ప గొంతు దిగేవి కావట. ఎక్కడెక్కణ్ణుంచో ఐసు దిమ్మలు బళ్ల మీద తెప్పించి, రంపపు పొట్టులో పాతి దాచుకోవడానికని ఆ గది కట్టించాడు. కరిగిన నీళ్లు పోవడానికి నేలలో ఒక తూము పెట్టించాడు. అది గోడ కిందుగా పోయి, పల్లంలో ఉన్న వెనక సందులోకి తెరుచుకుంటుంది. ఆయన పోయాక, ఐసు సంగతి అందరూ మర్చిపోయాక, అందులో గుర్రబ్బండి సామాను పెట్టుకున్నారు. బంగళా కాస్తా ఆసుపత్రి అయ్యాక, అంత చల్లటి గది ఆసుపత్రికి ఎందుకు పనికొస్తుందో వేరే చెప్పాలా... రెండు రాతి బల్లలు వేయించి శవాల గది చేశారు. కొత్త శవాల గది కట్టాక అందులో విరిగిన మంచాలు పడేశారు. ఒక ఏడు వరదకి పక్కనున్న బడి కూలిపోతే, మంచాలు తీసేసి ఆరు నెలలు మూడో తరగతి అక్కడే నడిపారు. ఆ తర్వాత తాళం.

తమాషా ఏమిటంటే, గది పని మారినప్పుడల్లా దెయ్యం కూడా పని మార్చుకునేది. ఐసు రోజుల్లో లోపల ఎవరో చలికి పళ్లు టకటకలాడిస్తున్నారనేవారు. బండి సామాను రోజుల్లో కళ్లేలు వాటంతటవే గలగలమన్నాయన్నారు. శవాల గది రోజుల్లో సరేసరి, దెయ్యానికి తీరికే లేదు. బడి నడిచిన ఆరు నెలలు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మూడో తరగతి పిల్లలున్న చోట ఏ దెయ్యం నిలుస్తుంది?

ఇప్పుడు, మూడేళ్లుగా... ఊపిరి.

రాత్రి పదిన్నర దాటాక వెనక సందులో, ఆ తూము నోటి దగ్గర వినిపిస్తుంది. భూమి అడుగు నుంచి ఎవరో బరువుగా, కష్టంగా ఊపిరి లాగుతున్నట్టు. లాగి... ఆపి... చాలాసేపు ఆపి... మళ్లీ వదులుతున్నట్టు. ముందు ఒక నర్సు విన్నది. తర్వాత కాంపౌండరు విన్నాడు. విని సైకిలు అక్కడే పారేసి పరిగెత్తాడు. సైకిలు రెండ్రోజులు అక్కడే పడి ఉంది. మూడోనాడు నలుగురు కలిసి, పట్టపగలు, గట్టిగా పాటలు పాడుకుంటూ వెళ్లి దాన్ని తెచ్చుకున్నారు.

అలాంటి గది కావాలని దరఖాస్తు పెట్టుకుంది కుట్టక్క.

కుట్టక్క ఆ ఆసుపత్రి దర్జీ. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు, నర్సుల యూనిఫారాలు, ఏది కుట్టాలన్నా ఆమే. పన్నెండేళ్లుగా లాండ్రీ పక్కన మెట్ల కింద మిషన్ వేసుకుని కుడుతోంది. ఆమెకి తోడు వదిన, అంటే భర్తకి అక్క. కత్తిరింపు వదినది, కుట్టు కుట్టక్కది. భర్త లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి ఇల్లయినా పనైనా వాళ్లిద్దరే.

ఇప్పుడు ఆ మెట్లు కూలగొట్టి లిఫ్టు పెడుతున్నారు. సోమవారానికల్లా మిషన్ ఎత్తెయ్యమన్నారు. ఎక్కడికి ఎత్తాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చోటు లేకపోతే కుట్టుపని బయటవాళ్లకి ఇచ్చేస్తారన్న మాట కూడా చెవిన పడింది. ఆసుపత్రంతా గాలించింది కుట్టక్క. ఖాళీగా ఉన్నది ఒక్కటే.

పెద్ద డాక్టరుగారు దరఖాస్తు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకెక్కడా దొరకలేదా అమ్మా?"

"లేదండి. ఉంటే మీరే చూపించండి."

"ఆ గది మంచిది కాదు."

"మంచిచెడ్డలు చూసుకునే స్థితిలో లేమండి."

"అక్కడేదో ఉందంటారు కదా..."

కుట్టక్క ఆశ్చర్యపోయింది. ఆయన మనిషి పొట్ట కోసి మళ్లీ కుట్టే డాక్టరు. "మీరు కూడా నమ్ముతారా సార్?"

"నేను నమ్ముతానా లేదా అన్నది కాదు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. "సిబ్బంది నమ్ముతున్నారు. వాళ్ల మనసు కష్టపెట్టకూడదు. పైగా తాళంచెవి కూడా లేదు. ఎప్పుడో పోయింది. ఇక వెళ్లిరండి."

అంత నిదానస్తుడు అంత గబగబా మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ముళ్ల మీద కూర్చున్నవాడిలా ఉన్నాడే అనుకుంటూ బయటికొచ్చింది.

వచ్చి తిన్నగా రాతిగదికే వెళ్లింది. పట్టపగలు. నాలుగు మెట్లు దిగింది. తలుపు పాతది, గొళ్లెం పాతది. తాళం మాత్రం కొత్తది. నూనె పట్టించి ఉంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

తిరిగొచ్చి ఆ వేలు వదిన ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమిటే ఇది?"

"మిషన్ నూనె. తాళంచెవి పోయిన తాళానికి నూనె ఎవరు వేస్తారు వదినా?"

వదిన కత్తెర పక్కన పెట్టింది. ఆమె కత్తెర పక్కన పెట్టిందంటే విషయం గట్టిదే. "దెయ్యమేమో."

"దెయ్యానికి తాళమెందుకు? గోడలోంచే పోతుంది కదా."

"అదీ నిజమే." గొంతు తగ్గించింది. "అయితే దొంగలేమో. దొంగలకంటే దెయ్యమే నయమే తల్లీ. దాని దగ్గర కత్తులుండవు."

"ఏది ఉందో చూద్దాం. సోమవారానికి ఇంకా రెండు రాత్రులున్నాయి."

"చూద్దాం అంటే?"

"నువ్వూ, నేనూ."

వదిన తిట్టింది. బతిమాలింది. కడుపునొప్పన్నది. తీరా రాత్రి పదిన్నరకి కుట్టక్క చెప్పులేసుకుని గడప దాటేసరికి, చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని, చేతిలో పెద్ద కత్తెర పట్టుకుని వెనకే నడిచింది. మరదలిని ఒక్కదాన్నే పంపి ఇంట్లో ఒంటరిగా కూర్చోవడానికి కూడా భయమే మరి.

గేటు దగ్గర కాపలా పెద్దాయన కునుకు తీస్తున్నాడు. "ఈ వేళప్పుడు ఎక్కడికమ్మా?" అన్నాడు.

"కుట్టుపని మిగిలిపోయింది బాబాయ్."

ఆయన కత్తెర వంక చూశాడు, తల ఊపాడు, మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

వెనకదారిలో దీపం లేదు. ఉన్న ఒక్క బల్బూ ఎప్పుడో మాడిపోతే మార్చడానికి ఎవరూ రాలేదు. గోడ వెంట చెయ్యి ఆనించుకుంటూ ఇద్దరూ సందులోకి తిరిగారు. కాళ్ల కింద ఎండుటాకులు... ఒక అడుగు వేస్తే రెండు అడుగుల చప్పుడు.

"నేను మెట్ల పైనే ఉంటాను," అంది వదిన గుసగుసగా. "నువ్వు అరిస్తే పరిగెత్తుతాను."

"ఎటువైపు?"

"అది అప్పుడు చూసుకుందాం."

తూము నోరు గోడ అడుగున, మోకాలెత్తులో ఉంది. కుట్టక్క టార్చి ఆర్పేసి వంగింది. చెవి పెట్టింది.

ఏమీ లేదు.

చీకట్లో ఎక్కడో నీటిచుక్క రాలిన చప్పుడు. అంతే.

లేవబోయింది. అప్పుడు...

హూఁ...

లోపలి నుంచి. అడుగు నుంచి. సన్నగా మొదలై, లావై, రాతిని రాపాడుకుంటూ పైకి వచ్చింది. ఆమె చెంప మీద చల్లటి గాలి తగిలింది.

ఆగిపోయింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... కుట్టక్క తెలియకుండానే తన ఊపిరీ బిగబట్టింది. అయిదు... ఆరు... ఇక రాదు, అయిపోయింది అనుకునేసరికి — నీళ్లలో మునిగినవాడు ఒక్కసారి పైకి తేలినట్టు — ఆ ఊపిరి ఎగిరి పడింది. దాని వెనక సన్నటి ఈల.

వదిన చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. కత్తెర రెక్కలు ఒకదానికొకటి తగిలి చిటచిటమంటున్నాయి.

"విన్నావుగా," అంది వదిన. "ఇక పోదాం పద."

కుట్టక్కకి కూడా పోవాలనే ఉంది. కాళ్లు అప్పుడే సగం వెనక్కి తిరిగాయి. కానీ ఎక్కడికి పోతుంది? సోమవారం మిషన్ ఎక్కడ దించుతుంది? పన్నెండేళ్ల పని ఎవరి చేతికో పోతుంటే, ఆ రాత్రి చెవి పెట్టి విన్నాను, భయమేసి వచ్చేశాను అని ఎవరికి చెప్పుకుంటుంది?

మెట్లవైపు నడిచింది.

ఒకటో మెట్టు... రెండు... మూడు... నాలుగు.

తాళం తీసి ఉంది. గొళ్లేనికి వేలాడుతోంది.

తలుపు మీద రెండు వేళ్లు పెట్టి నెట్టింది. లోపల గడియ లేదు. శవాల గదికి లోపల గడియ ఎవరు పెట్టిస్తారు, ఎవరు వేసుకుంటారని... తలుపు కిర్రుమనలేదు. దానికీ నూనె వేసి ఉంది. చప్పుడు చేసి ఉంటే అంత భయమేసేది కాదని తర్వాత చెప్పింది.

టార్చి అద్దానికి వేళ్లు అడ్డం పెట్టి వెలిగించింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు.

రెండు రాతి బల్లలు. ఒకటి ఖాళీ.

రెండోదాని మీద, తల నుంచి కాళ్ల దాకా, తెల్లటి దుప్పటి. దుప్పటి కింద మనిషి ఆకారం.

హూఁ...

దుప్పటి లేచింది. లేచి అక్కడే నిలబడింది. ఒకటి... రెండు... మూడు...

కుట్టక్క దణ్ణం పెట్టాలో పరిగెత్తాలో తెలియక, కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక, దుప్పటి అంచు మీద పెట్టింది.

అంచుకి నీలం దారం.

కళ్లు చిట్లించింది. అవును, నీలం దారమే. రెండు నెలల క్రితం తెల్ల దారం అయిపోతే, స్టోర్సువాళ్లు ఎంతకీ ఇవ్వకపోతే, ఇరవై దుప్పట్లకి తనే నీలం దారంతో రెండు వరసల కుట్టు వేసింది. ఆ కుట్టే ఇది. ఇంకాస్త దగ్గరికి వెళ్లింది. మూల దగ్గర కుట్టు ఊడి దారం వేలాడుతోంది. రెండు నెలలకే! రోజూ ఎవరో కాలితో తన్నుకుంటూ పడుకుంటే తప్ప తన కుట్టు అలా ఊడదు.

భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్లు మండింది.

దుప్పటి మూల పట్టుకుని ఒక్క లాగు లాగింది.

బల్ల మీద బనీను వేసుకున్న ఒక లావుపాటి మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. ఊపిరి మధ్యలో ఆగింది. కళ్లు తెరిచాడు. టార్చి వెలుగులో రెప్పలు ఆడించాడు.

"ఎవరది?"

"నేనండి... కుట్టక్కని."

ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నారు. "ఈ వేళప్పుడు కొలతలేమిటమ్మా," అని గొణుక్కుంటూ లేచి కూర్చుని, కొలుచుకోవడానికి వీలుగా కుడి చెయ్యి బారుగా చాపారు.

సరిగ్గా అప్పుడే మెట్లు దిగి లోపలికి తొంగిచూసిన వదినకి కనిపించింది ఇదీ: రాతి బల్ల మీద లేచి కూర్చున్న తెల్లటి ఆకారం, తనవైపు చాపిన చెయ్యి. వదిన అరవలేదు. మెట్టు మీద కూలబడిపోయింది. అరుపు లోపలికే పోయిందని ఆ తర్వాత చెప్పింది.

"సార్," అంది కుట్టక్క, "మీరా?"

పెద్ద డాక్టరుగారికి అప్పటికి పూర్తిగా తెలివొచ్చింది. చాపిన చెయ్యి మెల్లగా దించుకున్నారు. దిండు కింద తడిమి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. బనీను సర్దుకున్నారు. ఆసుపత్రిలో మూడు వందల మందిని హడలెత్తించే మనిషి, బడికి ఎగనామం పెట్టి దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకుని కూర్చున్నారు.

"గురక," అన్నారు చివరికి.

"అయ్యో."

"మా ఆవిడ నాలుగేళ్లు ఓర్చుకుంది. తర్వాత మా అత్తగారు వచ్చారు. ఆవిడ ఒక్క రాత్రి ఓర్చుకున్నారు. వరండాలో పడుకుంటే పక్క క్వార్టర్సువాళ్లు తలుపులు కొట్టారు. వార్డు పక్కన ఒక గది చూసుకుంటే... కాలు విరిగిన రోగి ఒకాయన, మంచం దిగకూడదని నేనే చెప్పినాయన, తెల్లారేసరికి నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు." నిట్టూర్చారు. "అప్పుడే తనిఖీలో ఈ గది చూశాను. ఇంత మందం గోడలు, కిటికీ లేదు. ఇక్కడైతే చీమకి కూడా వినబడదనుకున్నాను. ఇంట్లో రాత్రి రౌండ్లని చెప్పాను."

"తూములోంచి వినబడుతోందండి. మూడేళ్లుగా ఆసుపత్రంతా చుట్టుదారిన తిరుగుతోంది."

ఆయన తల ఎత్తారు. "తూముందా?"

"ఇదిగో, మీ బల్ల కిందే."

డాక్టరుగారు వంగి బల్ల కిందికి చూశారు. చాలాసేపు చూశారు. "అంటే... ఆ ఊపిరి నాదా?" అన్నారు. "ఇన్నాళ్లుగా ఇక్కడే పడుకుంటున్నాను, నాకెప్పుడూ ఏ ఊపిరీ వినబడలేదు. అందుకే ఒట్టి పుకారనుకున్నాను."

మెట్టు మీద నుంచి వదిన నవ్వడం మొదలుపెట్టింది. ముందు కొంగు నోట్లో కుక్కుకుని, తర్వాత కుక్కుకోకుండా. కుట్టక్క ఆపుకోలేకపోయింది. డాక్టరుగారు కాసేపు బిగుసుకుని కూర్చుని, ఆయనా నవ్వారు.

నవ్వు అయ్యాక ముగ్గురూ అసలు మాటలోకి వచ్చారు.

"పగలు మాకు, రాత్రి మీకు," అంది కుట్టక్క. "పొద్దున మీరు వెళ్లేటప్పుడు దుప్పటి, దిండు మడత పెట్టి మూలన పెట్టండి. సాయంత్రం మేం బల్ల ఖాళీ చేసి పోతాం. ఈ దుప్పటి మూల కూడా రేపే కుట్టిపెడతాను."

"ఎవరికీ..."

"ఎవరికీ చెప్పం. తూముకి గుడ్డలు కూడా కుక్కేస్తాను."

డాక్టరుగారు ఆలోచించారు. "తూము అలాగే ఉండనివ్వమ్మా," అన్నారు మెల్లగా. "జనం ఈ పక్కకి రాకపోతేనే మనకి నయం."

ఆదివారం మిషన్ దిగింది. తలుపు పక్కన వెలుతురు పడేచోట మిషన్ వేసుకున్నారు. ఒక రాతి బల్ల మీద వదిన బట్ట పరిచి కత్తిరించేది. నున్నగా, వెడల్పుగా, ఎంత పరిచినా ముడత పడని బల్ల. ఇలాంటిది ఏ పెద్ద దర్జీ కొట్లోనూ ఉండదని పొంగిపోయేది. ఎండలు మండిపోతున్న రోజుల్లో లాండ్రీవాళ్లు ఆవిర్లలో ఉడికిపోతుంటే, వీళ్లిద్దరూ శాలువాలు కప్పుకుని కుట్టుకునేవారు. గోడ మీద మూడో తరగతివాళ్లు రాసిన ఎక్కాలు ఇంకా చెరిగిపోలేదు. ఏడో ఎక్కం దగ్గర తప్పుంటే వదిన సుద్దతో దిద్దింది.

దెయ్యం సంగతి అడిగినవాళ్లకి వదినే చెప్పేది. "ఉందమ్మా. పగలు ఏమీ అనదు, పాపం. రాత్రి మాత్రం మన వల్ల కాదు." చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేసేది. కాంపౌండరయితే సైకిలు ఇంకా దూరంగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

అలా ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. తర్వాత డాక్టరుగారికి బదిలీ అయింది.

వెళ్లేముందు గదికి వచ్చి తన దగ్గరున్న తాళంచెవి ఇచ్చారు. "ఇంత మంచి నిద్ర మళ్లీ ఎక్కడ దొరుకుతుందో," అన్నారు. బల్లని అరచేత్తో ఒకసారి నిమిరి వెళ్లిపోయారు. ఇక రెండు తాళంచెవులూ కుట్టక్క కొంగునే.

మర్నాడు పొద్దున్నే కాపలా పెద్దాయన వచ్చాడు. మెట్లు దిగలేదు. పైనే నిలబడి పిలిచాడు. చేతుల్లో కాగితం కూడా విప్పని కొత్త ఉన్ని దుప్పటి.

"ఇది మీరే ఉంచండమ్మా. నాకొద్దు."

"ఏమిటి బాబాయ్ అది?"

"నిన్న పెద్ద డాక్టరుగారు జీపెక్కబోతూ నా చేతిలో పెట్టారు. పెట్టి రెండు చేతులూ పట్టుకున్నారు. 'ఇన్నేళ్లు కనిపెట్టుకుని చూసుకున్నావు, ఎవరితోనూ అనలేదు, నీ రుణం ఉంచుకోను' అన్నారు." పెద్దాయన ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. "నాకేమీ అర్థం కాలేదమ్మా. ఏం చూసుకున్నానండీ అనడిగాను. 'తెల్లవారుజామున కప్పుకున్నది జారిపోతే, రోజూ వచ్చి మళ్లీ మెడదాకా కప్పి, చుట్టూ దోపేవాడివి కదా. కళ్లు తెరవకపోయినా నాకు తెలుసులే' అన్నారు. ఎక్కడండీ అంటే... ఈ గదిలో అన్నారు."

కుట్టక్క మిషన్ తొక్కడం ఆపేసింది.

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పను? జీపు కదిలిపోయింది. నేను రాత్రిపూట గేటు వదిలితే ఉద్యోగం ఉంటుందా అమ్మా? అసలీ గదిలోకి ఆయనెందుకు వచ్చారు, ఎప్పుడు వచ్చారు?"

పెద్దాయన కాసేపు చూసి, దుప్పటి పైమెట్టు మీద పెట్టి, దాన్ని ముట్టుకున్న చేతులు పంచెకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వదిన కత్తెర పక్కన పెట్టింది. "శవాల గది రోజుల్లో ఇక్కడ పనిచేసినవాడెవరైనా అయ్యుంటాడా?"

"అయితే ముఖం మీదికి కూడా కప్పేవాడు కదా వదినా. సారుకి మెడ దాకానే కప్పారు."

"అంటే?"

"బతికున్న మనిషని తెలిసే కప్పారు."

వదినకి ఆ మాట ధైర్యం చెప్పినట్టుందో, భయపెట్టినట్టుందో తెలియలేదు. కత్తెర తీసుకుంది, బట్ట మీద పెట్టింది, కత్తిరించలేదు.

సాయంత్రం పోయేముందు కుట్టక్క ఉన్ని దుప్పటి తెచ్చి కాగితం విప్పింది. మడత విప్పకుండా ఖాళీగా ఉండే రాతి బల్ల మీద పెట్టింది. "ఎవరికిచ్చారో వాళ్లదే," అంది. తాళం వేసింది. లాగి చూసింది. రెండు తాళంచెవులూ కొంగున ముడివేసుకుంది.

పొద్దున తాళం వేసినట్టే ఉంది. తీసి, తలుపు నెట్టి, గడప మీదే నిలబడిపోయింది.

రాతి బల్ల మీద దుప్పటి లేదు.

తలుపు పక్కన మిషన్ మీద ఉంది. మిషన్‌కి కప్పి ఉంది. తల మాత్రం బయటికి వదిలి, మెడ దాకా తెచ్చి, చుట్టూతా అంచులు జాగ్రత్తగా లోపలికి దోపి ఉంది. చలిరాత్రి నిద్రపోతున్న పిల్లకి కప్పినట్టు.

వెనక నుంచి వదిన ఆమె భుజం మీదుగా చూసింది. గదిలో ఏ చప్పుడూ లేదు... తూము ఉంది, ఊపిరి లేదు.

"ఏం చేద్దామే?" అంది వదిన, వినీ వినబడకుండా.

కుట్టక్క కాసేపు ఆలోచించింది. సోమవారం వార్డుకి నలభై గౌన్లు ఇవ్వాలి.

"అద్దె లేదు," అంది. "చల్లగా ఉంది. రాత్రిపూట మిషన్‌ని చూసుకునే మనిషి కూడా ఉన్నారు. ఇంకెక్కడికి పోతాం వదినా?"

దుప్పటి తీసి, దులిపి, మడిచి బల్ల మీద పెట్టి పనిలో కూర్చుంది. ముందు నాలుగు కుట్లు వంకరపోయాయి. తర్వాత సర్దుకున్నాయి.

సాయంత్రం తాళం వేయబోతుంటే వదిన ఆపింది. తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి, చుట్టమింటి నుంచి బయల్దేరేటప్పుడు అన్నట్టు, చీకట్లోకి మెల్లగా "వెళ్లొస్తాం" అంది.

మొదటి రోజు బదులు రాలేదు.